ఖాళీగా ఉండాల్సిన చిలక్కొయ్య

పోయిన వారం సొలీన్‌ని మనం కనుమ మీద, ఇనుప సిలువ పక్కన, ఎదురుగాలిలో నిలబెట్టి వచ్చేశాం. సోర్బియే విడిదిలో శని ఆదివారాలు గడపడానికి వచ్చిన అతిథులకు మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద వెడల్పాటి మంచుజోళ్ళు కట్టించి, కొండ ఎక్కించి, తిప్పి తెచ్చే గైడు ఆమె. ఆ అతిథుల్లో అందరికంటే తక్కువ మాట్లాడిన ఎడ్విజ్, సిలువ దగ్గర అందరూ వేడి టీ తాగుతుండగా, తన అసలు ఇంటిపేరు చెప్పింది. మూడు చలికాలాల కిందట ఇదే విడిదికి వచ్చి మంచులో చచ్చిపోయిన అర్మాన్‌కి ఆమె భార్య. అర్మాన్‌ని కొండ మీద వదిలేసి వచ్చాడన్న నింద మోసి, గైడు బిళ్ళ పోగొట్టుకుని, కింద ఊళ్ళో కుర్చీలు బాగుచేసుకుంటూ బతుకుతున్న ఫిర్మిన్‌కి సొలీన్ కూతురు.

"నీ మొహం చూడాలనే వచ్చాను" అంది ఎడ్విజ్. "నా మొగుణ్ణి మంచులో పారేసినవాడి కూతురు ఇంకా జనాన్ని కొండ ఎక్కిస్తోందంటే నమ్మబుద్ధి కాలేదు."

కనుమ మీద, అంతమంది ప్రాణాలు తన వెనక ఉండగా, గైడు తగువాడకూడదు. "దిగుదాం" అని మాత్రం అని, సొలీన్ అతిథుల జోళ్ళ పట్టీలు ఒక్కొక్కటే లాగి చూసి, ముందు నడిచింది. ఎడ్విజ్‌ని తన వెనకే నడవమంది. ఎవరి గురించి బెంగ ఉంటే వాళ్ళు గైడు వెనకే నడవాలి. అది నాన్న నేర్పిన పద్ధతి.

కొండ మీద కోపం రాకూడదని కూడా నాన్న నేర్పాడు. వస్తే అడుగు పెద్దదవుతుంది, వెనకవాళ్ళకు ఊపిరి అందదు. సొలీన్‌కి అడుగు పెద్దదయింది.

"అమ్మాయ్!" వెనకనుంచి ఒక్టావ్ కేకేశాడు. అనెసీలో మాంసం కొట్టు నడిపి మానేసిన పెద్దమనిషి. ఎంత ఆయాసపడినా ఆయన కాళ్ళు ఆగుతాయిగాని నోరు ఆగదు. "వెనక తోడేళ్ళేమైనా పడ్డాయా? ముందే చెబితే నేనూ నా వంతు పరిగెడతాను కదా!"

సొలీన్ ఆగింది. ఆగినప్పుడు ఎడ్విజ్ గొంతు మెడ దగ్గరే వినిపించింది.

"అర్మాన్ బట్టలు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు జోళ్ళు చూశాను. మీ నడవలో, చివరి కొయ్యకి తగిలించి ఉన్నాయి. ముక్కులు కిందికి, మడమలు పైకి. పట్టీలన్నీ బకిళ్ళలో దూర్చి, బిగించి, కొసలు కూడా లోపలికి దోపి. పెళ్ళికి ముస్తాబు చేసినట్టు."

"అయితే ఏమంటారు మేడమ్?"

"అర్మాన్ జన్మలో ఒక బకిల్ పెట్టి ఎరగడు. పిల్లల బూట్లకు పెట్టలేదు, తన బెల్టుకి పెట్టలేదు. విప్పింది విప్పినచోట పారేసేవాడు. పెళ్ళయిన నాటినుంచీ పోరాను, నా నోరు నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ జోళ్ళు తగిలించింది అర్మాన్ కాదు. ఆయన్ని కొండ మీద మర్చిపోయి, ఆయన జోళ్ళు మాత్రం ఏరుకొచ్చి, అందరూ వచ్చేసినట్టు గోడకి తగిలించాడు మీ నాన్న. పోలీసులు చెప్పిందీ అదే."

"మా నాన్న అబద్ధమాడడు."

"మనిషి కింద లోయలో. జోళ్ళు పైన గోడ మీద. మరి జోళ్ళు నడిచొచ్చాయా?"

మూడేళ్ళుగా ఆ ప్రశ్న సొలీన్‌ది కూడా. దాంతో పాటు కోపం ఉంది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, ఇన్నాళ్ళూ మంచు మీదా, పోలీసుల మీదా, చివరికి ఎదురుచెప్పకుండా తల వంచుకున్న నాన్న మీదా మార్చి మార్చి పెట్టుకుంటూ వచ్చిన కోపం.

విడిది చేరేసరికి వెలుగు నీలంగా మారుతోంది. గుమ్మం మీద దీపం వెలుగుతోంది.

ఆ దీపానికో కట్టుబాటు ఉంది. గుమ్మం లోపలే పొడుగాటి నడవ, నడవ గోడకి వరసగా చిలక్కొయ్యలు. వచ్చిన ప్రతి అతిథికీ ఒక కొయ్య. బయలుదేరేటప్పుడు దాని మీంచి ఎవరి జోళ్ళు వాళ్ళు తీసుకోవాలి, తిరిగొచ్చాక ఎవరివి వాళ్ళే తగిలించాలి. ఒకరివి ఇంకొకరు ముట్టకూడదు. ఒక్క కొయ్య ఖాళీగా ఉన్నా గుమ్మం మీద దీపం ఆరదు, గైడు బూట్లు విప్పడు. సొలీన్ ముత్తాత పెట్టిన నియమం ఇది. ఇప్పుడు ఆ విడిది నడుపుతున్న ఒడెట్, సొలీన్‌కి మేనత్త, ప్రతి శుక్రవారం సాయంత్రం కొత్త అతిథులను ఆ కొయ్యల ముందు నిలబెట్టి చెబుతుంది: "నా ఇంట్లో వంట బాగోలేదంటే పడతాను, పక్క గట్టిగా ఉందంటే పడతాను. ఈ కొయ్యల దగ్గర తప్పు చేస్తే మాత్రం పడను."

పెరట్లో ఒక్టావ్ జోడు పట్టీ గడ్డకట్టి ఊడి రాలేదు. సొలీన్ మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగులు తీసి, నోటి ఆవిరితో బకిల్ మీది మంచు కరిగించింది.

"మా ఆవిడ కూడా ఇంత ఓపిగ్గా నా కాళ్ళు పట్టుకోలేదు" అన్నాడు ఒక్టావ్.

"ఆవిడకి తెలివుంది కాబట్టి" అంది సొలీన్. ఇంకో రోజయితే నవ్వుతూ అనేది.

ఆయన్ని లోపలికి పంపి తనూ నడవలోకి వచ్చింది. వంటింట్లోంచి బంగాళాదుంపల సూపు వాసన, పొయ్యి మీద కరుగుతున్న చీజ్ వాసన. భోజనాల బల్ల దగ్గర కుర్చీలు లాగుతున్న చప్పుడు. ఒక్టావ్ తన జోళ్ళు తగిలించాడు. ఇక కొయ్యలన్నీ నిండాయి. సొలీన్ చెయ్యి దీపం మీట మీదికి వెళ్ళింది.

వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

చివరి కొయ్య మీద జోళ్ళు తలకిందులుగా ఉన్నాయి. ముక్కులు కిందికి, మడమలు పైకి. పట్టీలు బకిళ్ళలో దూర్చి, బిగించి, కొసలు లోపలికి దోపి ఉన్నాయి. మిగతావన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు ముక్కు పైకి తగిలించి పోయినవే, పట్టీలు వేలాడుతూ, కింద మంచునీళ్ళ మడుగులు కడుతూ.

చివరి కొయ్య ఎడ్విజ్‌ది.

సొలీన్ భోజనాల గదిలోకి తొంగి చూసింది. ఎడ్విజ్ కుర్చీ ఖాళీ. మెట్లెక్కి గది తలుపు తోసింది. లేదు. పరిగెత్తుకుంటూ పెరట్లోకి వచ్చింది. కట్టెల పేర్పు పక్కన మంచులో రెండు జోళ్ళ అచ్చులు, ఎవరో విప్పి అక్కడ పారేసినట్టు. అక్కడి నుంచి ఉత్త బూట్ల అడుగులు, పాత ప్రార్థనామందిరం మలుపు వైపు.

ఎడ్విజ్ ఆ మలుపు దగ్గర, అంచుకి మరీ దగ్గరగా నిలబడి ఉంది. అంచు అనుకుంటున్నది అంచు కాదు, గాలి పేర్చిన మంచు చూరు. దాని కింద ఏమీ లేదు. సొలీన్ వెనకనుంచి కోటు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ మంచులో పడ్డారు.

"మీక్కూడా చావాలనుందా?" సొలీన్ అరిచింది. "మీ ఆయన చావు మా నాన్న నెత్తిన వేశారు. రేపు మీ చావు నా నెత్తిన వేస్తారు. అందుకేనా వచ్చింది?"

"ఎక్కడ పడిపోయాడో చూద్దామని వచ్చాను." ఎడ్విజ్ పళ్ళు కొట్టుకుంటున్నాయి. "విడిదికి ఇంత దగ్గరా? పిలిస్తే పలికేంత దూరం. ఇక్కడికి ఎందుకొచ్చాడసలు?"

అప్పుడే ఆమె జేబులో ఫోను మోగింది. ఒకటి కాదు, పొద్దుటినుంచీ రావాల్సిన మెసేజీలన్నీ వరసగా, చెట్టు దులిపినట్టు. విడిదిలో ఫోను పనిచెయ్యదు. ఈ కొండ మొత్తం మీద పనిచేసేది ఈ మలుపు ఒక్కటే. అందరికీ తెలిసిన సంగతే. అతిథులకు మొదటిరోజే ఒడెట్ చెబుతుంది.

ఎడ్విజ్ ఫోను చేతిలో పట్టుకుని దానివంకే చూస్తూ ఉండిపోయింది.

"అర్మాన్‌ని ఆ సాయంత్రం ఫోన్ చెయ్యమన్నాను" అంది. "కోపంగా అన్నాను. చెయ్యకపోతే ఇంటికి రావద్దన్నాను."

సొలీన్‌కి మంచు చలి అప్పుడు తెలిసింది. అర్మాన్ తిరిగొచ్చాడు. నాన్నతో పాటే విడిదికి తిరిగొచ్చాడు. పెరట్లో, కట్టెల పేర్పు పక్కన, విప్పినవి విప్పినచోట పారేశాడు. తొక్కి గట్టిపడిన బాటే కదా అని ఉత్త బూట్లతో, ఫోను పట్టుకుని ఈ మలుపుకి వచ్చాడు. ఆ సాయంత్రం మంచు కురుస్తోంది. దీపం వెలుగుతూ ఉంటే వెనక్కి దారి కనిపించేది. కొయ్య ఖాళీగా ఉంటే దీపం వెలుగుతూ ఉండేది.

"మేడమ్, మీ జోళ్ళు మీరు తగిలించారా?"

"లేదు. కట్టెల దగ్గర పారేశాను. ఆ ఇంట్లోకి రాబుద్ధి కాలేదు."

అప్పుడూ ఇప్పుడూ తగిలించింది ఒకే చెయ్యి, ఈ ఇంట్లోని చెయ్యే. సొలీన్ తన ఫోను తీసి నాన్నకు చేసింది.

"నాన్నా, పైకి రా."

"ఆ ఇంటికి నేను రానని చెప్పాను కదమ్మా."

"జోళ్ళు తగిలించింది ఎవరో తెలిసింది."

"పొరుగువాడి మంచుబండి అడిగి బయలుదేరతా" అని పెట్టేశాడు. ఎవరని అడగలేదు. ఆ అడగకపోవడం సొలీన్ అప్పుడు గమనించలేదు.

వాళ్ళిద్దరూ నడవలోకి వచ్చేసరికి ఒడెట్ గరిటె పట్టుకుని ఎదురొచ్చింది. డెబ్బై దాటినా నిటారుగా ఉండే మనిషి. ఇస్త్రీ చేసిన ఆప్రాన్ మీద ఒక్క మరక లేదు.

"ఏమే, సూపు చల్లారిపోతోంది, ఎక్కడికి పోయారు? ఆ బూట్లతో లోపలికి రాకండి, ఇప్పుడే తుడిచాను."

"అత్తా, చివరి కొయ్యకి జోళ్ళు ఎవరు తగిలించారు?"

"ఎవరివి వాళ్ళే. నన్నడుగుతావేంటి?"

"ఈవిడ తగిలించలేదు. బయట ఉంది. మంచు చూరు మీద నిలబడి ఉంది. నేను దీపం ఆర్పబోయాను అత్తా, చెయ్యి మీట మీదుంది!"

"అయితే వీళ్ళలో ఎవరో సాయం చేసుంటారు." ఒడెట్ భోజనాల గది వైపు గరిటె ఊపింది. "మీసాలాయన చేసుంటాడు. ఆయనకి అన్నింట్లోనూ చెయ్యి పెట్టే అలవాటు."

"నేనా?" ఒక్టావ్ నోట్లో రొట్టెతోనే గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, నా జోళ్ళే నేను విప్పుకోలేకపోయాను. వేరేవాళ్ళవి నాకెందుకు?"

"మూడేళ్ళ కిందట ఎవరు తగిలించారు?" అంది సొలీన్.

గరిటె ఆగింది. "ఆ సంగతి అప్పుడే తేలింది. నేను వంటింట్లో ఉన్నాను, నడవలోకి రాలేదు. అదే చెప్పాను, అదే రాసుకున్నారు. అతిథుల ముందు ఇదేం గొడవే? నీకు ఈ పని ఇచ్చింది ఎవరు? మీ నాన్న పేరు చెబితే ఈ లోయలో ఒక్క ఇల్లు నీకు తలుపు తీసిందా?"

"నాన్న పేరు అలా చేసిందెవరో అదే అడుగుతున్నా."

"గొంతు తగ్గించు."

సొలీన్ తగ్గించలేదు. వెళ్ళి చివరి కొయ్య మీద జోళ్ళు పీకింది. బిగించిన పట్టీలు ఒక్కొక్కటే లాగి ఊడదీసింది. రెంటినీ తుడిచిన నేల మీద విసిరికొట్టింది. అవి దడదడమంటూ జారి, మంచుముద్దలు చిమ్మి, ఒడెట్ కాళ్ళ దగ్గర ఆగాయి.

"సిగ్గులేదా?" ఒడెట్ అరిచింది. "పశువుల కొట్టం అనుకున్నావా? మా తాత కట్టిన ఇల్లిది! ఇంత వయసొచ్చి ఒక వస్తువు ఎలా పెట్టాలో తెలియదు. మీ నాన్న కూడా ఇంతే, ఎక్కడివక్కడ పారేసి ఆడదాని ప్రాణం తీస్తాడు. పొద్దున్నుంచి వంగి వంగి నా నడుం..."

అరుస్తూనే వంగింది. గరిటె చంకలో పెట్టుకుంది. జోళ్ళు రెండూ ఎత్తి, ముక్కుల్లోంచి నీళ్ళు కారేలా తలకిందులు చేసి దులిపింది. పట్టీ బకిల్‌లో దూర్చి లాగింది. కొస లోపలికి దోపింది. రెండోదీ అంతే. తిట్లు ఆగలేదు, చేతులు ఆగలేదు. కొయ్యకి తగిలించి, సరిగ్గా ఉన్నాయో లేదోనని ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది.

అప్పుడు తెలిసింది ఆమెకి.

ఒక్టావ్ నోట్లో రొట్టె నమలడం మానేశాడు. ఎడ్విజ్ గోడకి ఆనుకుని, ఆ పట్టీల వంక, దోపిన కొసల వంక చూస్తోంది.

"ఇలాగే ఉన్నాయి" అంది ఎడ్విజ్. "సరిగ్గా ఇలాగే."

ఒడెట్ చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది. పొడిగానే ఉన్న చేతులు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. "బయట తడుస్తున్నాయి" అంది. "కొత్త పట్టీలు. మంచులో పడుంటే తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. ఆయన లోపలే ఉన్నాడనుకున్నాను. స్నానం చేస్తున్నాడేమో అనుకున్నాను. ఇల్లన్నాక ఒకరు సర్దకపోతే ఎలా?"

"తెల్లారాక తెలిసింది కదా!" అంది సొలీన్. "తెల్లారాక మనిషి లోయలో దొరికాడు కదా! అప్పుడు చెప్పొచ్చు కదా! నేనే తగిలించాను, అది చూసే నా తమ్ముడు దీపం ఆర్పాడు అని ఒక్క ముక్క! ప్రతి శుక్రవారం ఈ కొయ్యల ముందు నిలబడి నీతులు చెబుతున్నావే, ఏ నోటితో చెబుతున్నావత్తా? నాన్న మెడలో బిళ్ళ తీసేసిన రోజు నువ్వు ఆయన పక్కనే కూర్చున్నావు. చెయ్యి పట్టుకున్నావు. ఈ చెయ్యే కదా!"

"చెబితే ఈ ఇల్లు మూసేసేవాళ్ళు."

"మూస్తే మూసేవాళ్ళు!"

"నువ్వేం తినేదానివే? మీ నాన్న ఎక్కడికి పోయేవాడు?"

"ఇప్పుడెక్కడున్నాడు?" అంది సొలీన్. "కుర్చీలకు తాళ్ళు అల్లుతున్నాడు. కొండ కనిపించకుండా కిటికీకి వీపు పెట్టుకుని అల్లుతున్నాడు."

ఎడ్విజ్ ముందుకు వచ్చింది. ఆమె గొంతు పెద్దది కాలేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. "నేను మూడేళ్ళు ఆయన్ని శపించానమ్మా. పేరు పెట్టి, పొద్దున్నా సాయంత్రం. మా పిల్లలకు కూడా నేర్పాను. అదంతా ఇప్పుడు ఎక్కడికి తీసుకుపోను? మీ నడుం నొప్పికి ఇచ్చుకోనా?"

సొలీన్ చివరి కొయ్య మీద జోళ్ళు మళ్ళీ తీసి ఎడ్విజ్ చేతిలో పెట్టింది. "తగిలించకండి. నాన్న వచ్చేదాకా ఈ కొయ్య ఖాళీగా ఉండాలి. దీపం వెలగాలి. నేను బూట్లు విప్పను. ఆయన వచ్చాక, వీళ్ళందరి ముందూ, ఆయన మొహం చూసి నువ్వే చెప్పాలి అత్తా. ఆయనకు తెలియనిది ఆయనకు చెప్పాలి."

దూరంగా, మలుపు కింద, మంచుబండి మోత వినిపించింది. ఒడెట్ అది వింది. ఆమె భుజాలు మొదటిసారి వంగాయి. కాని మొహంలో వచ్చింది భయం కాదు. విసుగు. చాలాకాలం మోసిన బరువు దింపబోతూ, దింపే చోటు వెతుక్కునేవాళ్ళ విసుగు.

"వాడికి తెలియనిదేముందే పిచ్చిదానా" అంది. "ఆ సాయంత్రం నేను తగిలిస్తుంటే వాడు ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చూశాడు. ఒక్క మాట అనలేదు."

ఫోనులో నాన్న 'ఎవరు' అని అడగని సంగతి సొలీన్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"చూశాడా?" అన్నది ఎడ్విజ్. "అవి అర్మాన్ తగిలించినవి కావని తెలిసి కూడా... మరి దీపం ఎందుకు ఆర్పాడు?"

పెరట్లో బండి ఆగింది. అడుగులు మెట్లెక్కాయి. గుమ్మం బయట బూట్లకంటిన మంచు రాలిపోయేలా నేలకేసి కొట్టిన చప్పుడు, ఈ ఇంట్లో చిన్నప్పటినుంచీ సొలీన్ విన్న చప్పుడు.

నాన్న మళ్ళీ ఈ గుమ్మం తొక్కాలని మూడేళ్ళుగా మొక్కుకున్న ఆ పిల్ల, గడియ మీద చెయ్యి వేసి, తియ్యలేక అలాగే నిలబడిపోయింది.